అరుగుకు బెత్తెడు దూరం

చేవెళ్ల బట్టల దుకాణం లక్ష్మీనర్సయ్య మోటారు కొన్నది ఎక్కడికో పోవడానికి కాదు. ఒకచోట ఆగడానికి.

ఆ చోటు మొయినాబాద్‌లో ఉంది. అతని బామ్మర్ది పరమేశ్వర్ ఇంటి అరుగు.

గొడవ పరమేశ్వర్ పెండ్లినాడు మొదలైంది. లక్ష్మీనర్సయ్య ఆ ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు. భార్య శారదాదేవిని వెంటబెట్టుకుని కచ్చడం బండిలో పోయాడు. అల్లుడు వస్తే ఇంటివాళ్లు ఎదురుపోవాలి. కాలు కింద పెట్టకముందే చేయి అందించి దించాలి. చెంబుతో నీళ్లివ్వాలి. పరమేశ్వర్ మాత్రం పెండ్లికొడుకు బాసికంతో అరుగు మీదే నిలబడి, ‘రా బావా, రా రా’ అన్నాడు. అరుగు దిగలేదు. లక్ష్మీనర్సయ్య తానే దిగాడు. దిగిన చోట బురద. కొత్త కిర్రుచెప్పు ఒకటి అందులో దిగబడిపోయింది. చెప్పయితే దొరికింది. మర్యాద దొరకలేదు.

ఆనాడు పప్పు బాగుందని మళ్లీ వడ్డించుకుని మరీ తిన్నాడు. ఇంటికి వచ్చి చేయి కడుక్కున్నాక కోపం వచ్చింది. వచ్చిన కోపం పోలేదు. తాను మొయినాబాద్ పోలేదు, భార్యను పోనివ్వలేదు. ‘బామ్మర్ది అరుగు దిగి ఎదురొచ్చిందాక ఆ ఊళ్లె నా కాలు కింద పెట్ట’ అని దుకాణంలో కొనవచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట మొయినాబాద్ చేరింది. ‘ఎవరొచ్చినా నా అరుగు నేను దిగ’ అని అక్కడి నుంచి జవాబు వచ్చింది. రెండు మాటలూ రెండు ఊళ్లలో గట్టిగా కూర్చున్నాయి. మధ్యలో శారదాదేవి పుట్టింటి దారిన గడ్డి మొలిచింది.

ఇప్పుడు పరమేశ్వర్‌కు కొడుకు పుట్టాడు. తొట్టెల పెట్టుకున్నారు. మేనత్త పిల్లవాణ్ణి తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పాలి. పరమేశ్వర్ పసుపు కుంకుమ, చీర పంపాడు. తాను రాలేదు.

శారదాదేవికి పిల్లలు లేరు. ఆ చీరను ఒళ్లో పెట్టుకుని భర్త ఎదుట కూర్చుంది.

“నేను పోత” అంది. “నేను పోకుంటే ఆ పిల్లగాని చెవుల ఎవరో బయటిదొచ్చి పేరు చెప్తది. అది నేను బతికుండంగ కావద్దు.”

“పోదాం. నేనొద్దన్ననా?” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “గని నా మాటేం కావాలె?”

“మీ మాటను ఇంట్ల పెట్టి తాళమేసి రాండ్రి.”

లక్ష్మీనర్సయ్య మాటకు తాళం వేయలేదు. పట్నం పోయి, ఒక నవాబు వదిలించుకుంటున్న పాత మోటారు తెచ్చాడు. ఉపాయం ఇది. మోటారు పరమేశ్వర్ అరుగుకు బెత్తెడు దూరంలో ఆగుతుంది. తలుపు అరుగు వైపే ఉంటుంది. తాను లోపల కూర్చుని హారను మోగిస్తుంటాడు. ఊరంతా పోగవుతుంది. అంత జనంలో బావను మోటారులోనే కూర్చోబెట్టి చూస్తూ ఉండడానికి పరమేశ్వర్‌కు ముఖం ఎక్కడిది? దిగి తలుపు తీయాల్సిందే.

అంతా బాగుంది. మోటారుకు హారను ఉంది, మడిచే గుడ్డ టాపు ఉంది, అద్దాల పక్కన ఇత్తడి దీపాలున్నాయి. ఆగడం ఒక్కటే లేదు. తెచ్చిన రోజు దుకాణం ముందు ఆగవలసింది, అంగట్లో జొన్నల రాశిలో ఆగింది.

“ఇదేందిరా బాలమల్లూ?” అన్నాడు లక్ష్మీనర్సయ్య, జొన్నలు దులుపుకుంటూ.

బాలమల్లు మొన్నటిదాకా ఆ ఇంటి కచ్చడం తోలినవాడు. పట్నంలో నవాబుగారి డ్రైవరు దగ్గర మోటారు నేర్చుకున్నాడు.

“నడుపుడు నేర్పిండు సేటూ. ఆపుడు రేపు నేర్పుత అన్నడు. గంతల్నే నువ్వు పోదాం పా అన్నవ్.”

చక్రం విప్పి చూశారు. లోపల గిన్నె లాంటి ఇనుప డొల్ల. డొల్లలో చంద్రవంకల్లాంటి రెండు ఇనుప ముక్కలు. వాటి మీద పట్టీ ఉండాలి. పెడలు తొక్కితే పట్టీ డొల్లను ఒత్తుకుని చక్రాన్ని ఆపుతుంది. పట్టీ అరిగి అరిగి ఎండిన అరటినారలా ఉంది. కొత్త పట్టీ కావాలి.

ఏ పట్టీ?

లక్ష్మీనర్సయ్య ముతక ఖద్దరు కాడి నుంచి సన్నని మలుమల్లు దాకా ప్రతి గుడ్డా ఎరిగినవాడు. తన చేతికి తెలియని నేత లేదని అతని నమ్మకం. దుకాణం గద్దె మీద తెల్లగుడ్డ పరిపించి, పట్టీలను దాని మీద పెట్టించాడు. బాలమల్లు పట్నం నుంచి రెండు రకాలు తెచ్చాడు. మోటబావులకు తోలు కుట్టే ఎంకపల్లి రామన్న మూడోది తెచ్చాడు.

రామన్నది దున్నపోతు తోలు.

“గట్టిది సేటూ” అన్నాడు. “ఏండ్లకేండ్లు బాయిల నాని ఉన్నా ఏం కాదు. నీ మోటారు పోతది గని ఇది పోదు.”

“తోలా?” లక్ష్మీనర్సయ్య వెనక్కి జరిగాడు. “పసిపిల్లగాని తొట్టెలకు పోతున్నం. పసుపు కుంకుమల పళ్లెం ఉంటది మోటార్ల. కింద తోలు పెట్టుకొని పోవాల్నా?”

“మరి నీ కాళ్ల కిందున్నదేంది సేటూ? తమలపాకా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లక్ష్మీనర్సయ్య చెప్పులు గద్దె కిందికి తోసి, రెండో దాన్ని అందుకున్నాడు. అది మందపు నూలు పట్టీ. పత్తి మిల్లులో చక్రాల మీద తిరిగే పటకా లాంటిది. బొటనవేలితో రుద్దాడు. చెంపకు ఆనించుకున్నాడు. అంచు నుంచి ఒక పోగు లాగి, నాలుక మీద తడిపి, పురి చూశాడు. చెంబులో ముంచి కుంచించుకుపోదని తేల్చాడు. రంగు వదలదనీ తేల్చాడు.

“ఇది పట్టీ అంటే! పట్టు అనుకో. ఎంత నున్నగున్నది!”

మూడోది బూడిద రంగుది. ఏదో రాతినార నేతలో సన్నని ఇత్తడి తీగలు పెట్టి నేసింది. చేయి పెట్టగానే గీసుకుంది.

“థూ! గోనెపట్ట నయం. గిసొంటిది నా దుకాణంల పెడితే బేరం మాట దేవుడెరుగు, ఈగ గుడ వాలది.”

పట్టీల బేరం వాకిట్లోంచి వింటున్న శారదాదేవి ఇక ఊరుకోలేకపోయింది. గడప దగ్గరికి వచ్చింది.

“మోటారుకు చీర పెడుతున్నరా, దాన్ని ఆపేటందుకు చూస్తున్నరా? ఇటు తేండ్రి ఆ మూడూ.”

వాకిట్లో పనిమనిషి జంగమ్మ ఇసుర్రాయి ముందు కూర్చుని కందులు విసురుతోంది. శారదాదేవి ఆమె పక్కన చతికిలబడి, “జోరుగ తిప్పు. నేను ఆపుత. నువ్వు ఆగకు” అంది. తిరుగుతున్న పైరాయి అంచుకు ఒక్కో పట్టీ అదిమి చూసింది. నూలుపట్టీ మీగడ మీద వేలు జారినట్టు జారింది. రాయి తిరుగుతూనే ఉంది. తోలు కొంచెం పట్టింది, కొంచెం జారింది. బూడిదరంగుది ఆనించగానే రాయి గరగరమని ఆగింది. జంగమ్మ పిడి వదిలేసి, “అవ్వో, నా భుజం!” అంది.

“ఇదే” అంది శారదాదేవి.

భార్య చెప్పిందని పట్టీ వేయించాడంటే రేపు చేవెళ్లలో తిరగలేడు. లక్ష్మీనర్సయ్య బూడిదరంగు పట్టీని ఎండలోకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“దీంట్ల ఇత్తడి ఉన్నది” అన్నాడు చివరికి. “ఇత్తడి శుద్ధమైంది. దేవునికాడ పెట్టేది. నేను మొదలే ఇది అనుకున్న. మీరేమంటరో చూద్దామని ఊకున్న.”

“మేము గుడ గంతే అనుకున్నం” అన్నాడు రామన్న, తోలు చుట్టుకుంటూ.

పట్టీ వేశారు. మోటారు ఆగింది. ఎట్లా ఆగిందంటే, శారదాదేవి వాకిట్లో ముగ్గుతో గీత గీస్తే ముందుచక్రం గీత మీదికి వచ్చి కదలక నిలబడింది. లక్ష్మీనర్సయ్య దిగి బెత్త పెట్టి కొలుచుకున్నాడు. సరిగ్గా ఉంది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ ఆపించాడు. పరమేశ్వర్ ముఖం కళ్ల ముందు కనబడింది. మళ్లీ ఎక్కాడు.

ఒక్కటే చిక్కు. ఆగేటప్పుడు మోటారు అరుస్తోంది. మామూలు అరుపు కాదు. పెడలు తొక్కగానే చక్రాల్లోంచి పొడుగ్గా, సన్నగా, ప్రాణం పోతున్నట్టు కేక. కట్టేసిన బర్రెలు తాళ్లు తెంపుకున్నాయి. పాలుపోసే పెంటమ్మ నెత్తిమీది పాలకుండతో పరుగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడింది.

“సేటూ! మీ ఇంట్ల పంది కోస్తున్నరా?”

ఉల్లిగడ్డ వాసన కూడా సోకని ఇల్లు అది. ఆ మాట సాయంత్రానికి అంగడంతా తిరిగింది. లక్ష్మీనర్సయ్య ఇంటి నుంచి పంది కేక వినబడిందని కొందరు, కోసి వండారని కొందరు, బట్టలు కొనవచ్చి అతని చేతుల వంక చూసినవాళ్లు కొందరు. వీటికన్నా పెద్ద భయం ఇంకొకటి. మేనత్త మొదటిసారి మేనల్లుణ్ణి చూడటానికి పోతూ, గుమ్మం ముందు ఈ చావుకేక పెట్టిస్తుందా?

“శుభమా అని పోయి ఏడ్పుతోని దిగుడా? నేను పోను” అంది శారదాదేవి. ఆ మాట అంటుంటే ఆమె కంట్లో నీళ్లు తిరిగాయి.

తొట్టెలనాడు పొద్దున్నే బాలమల్లే దారి చెప్పాడు. అది బాలమల్లు తెలివి మాత్రమే కాదు. చేవెళ్ల చుట్టూ పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

“ఏడుస్తున్న చక్రానికి ఏం పోస్తం సేటూ?”

“ఆముదం!” అన్నాడు లక్ష్మీనర్సయ్య. అని, ఇంతకాలం ఎందుకు తట్టలేదా అని నెత్తి కొట్టుకున్నాడు. బండి ఇరుసు కిర్రుమంటే ఆముదం. ఇసుర్రాయి కిర్రుమంటే ఆముదం. తలుపు, మోట గిలక, పిల్లవాడి కడుపు, దేనికైనా ఆముదమే. రామన్న కూడా తలూపాడు. శారదాదేవి దేవుడికాడి దీపానికి ఉంచిన ఆముదం ముంత తానే తెచ్చి ఇచ్చింది.

“దండిగ పొయ్యి” అంది. “ఇయ్యాల అది సప్పుడు చెయ్యద్దు.”

బాలమల్లు చక్రాలన్నీ విప్పి దండిగా పోశాడు. పట్టీలు తాగినంత తాగాయి. వాటి మీద వేలితో మళ్లీ రాశాడు. రాసి, “ఇప్పుడు మీ నూలుపట్టీ కన్న నున్నగున్నది సేటూ” అని చూపించాడు. లక్ష్మీనర్సయ్య ముట్టి చూసి మెచ్చుకున్నాడు.

ఒకసారి ఆపి చూద్దామా అంటే లక్ష్మీనర్సయ్య ఒప్పుకోలేదు. కొబ్బరికాయ కొట్టాక బయలుదేరిన బండి వెనక్కి తిరగకూడదు. పైగా పొద్దు నెత్తిమీదికి రాకముందే పిల్లవాణ్ణి తొట్టెలలో వేయాలని ముహూర్తం చూసిన అయ్యగారు చెప్పి ఉన్నాడు.

దారి బాగానే సాగింది. ఒక ఎత్తు ఎక్కుతుండగా బర్రెలు అడ్డం వచ్చాయి. బాలమల్లు పెడలు తొక్కాడు. మోటారు ఎత్తు ఎక్కలేక తానే నెమ్మదించింది. బర్రెలు పోయాయి. చక్రాల్లో చిన్న కిర్రు కూడా లేదు.

“చూసినవా శారదా? ఎంత మర్యాదగ ఉన్నదో! ఖాందాన్ పిల్ల తీర్గ.”

“మీరు తెచ్చిన పట్టీ మరి” అంది ఆమె. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో మేనల్లుడికి కుట్టిన అంగీ ఉన్నాయి. అంగీని సర్దిందే సర్దుతోంది.

మొయినాబాద్ దిగుడులో ఇల్లు కనబడింది. ఇంటి ముందు మామిడాకులు. పక్కూరు సురంగల్ నుంచి కూడా జనం వచ్చారు, తొట్టెలకు కాదు, మోటారుకు. అరుగు మీద పట్టుధోవతి కట్టుకుని పరమేశ్వర్. చేతులు కట్టుకుని ఉన్నాడు. అరుగు అంచుకు బొటనవేళ్లు తగిలించి నిలబడ్డాడు, ఒక్క అంగుళం దిగనన్నట్టు.

“ఇంజను బంజెయ్” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “సప్పుడు లేకుండ పోయి నిలబడాలె. రథం తీర్గ.”

బాలమల్లు ఇంజను ఆపి, గేరు తీసేశాడు. మోటారు దిగుడులో రథంలాగే వచ్చింది. అరుగు దగ్గరికి వచ్చింది. బాలమల్లు పెడలు తొక్కాడు. చక్రాలు అరవలేదు. ఆగనూ లేదు. చేతిబ్రేకు లాగాడు. అదీ ఆ పట్టీల మీద పనిచేసేదే. మోటారు అరుగుకు సరిగ్గా బెత్తెడు దూరంలోంచి, లక్ష్మీనర్సయ్య కోరుకున్న దూరంలోంచే, సాగిపోయింది.

“హో! హో! హోయ్!” అని బాలమల్లు చేతిలోని స్టీరింగు చక్రాన్ని పగ్గాల్లా వెనక్కి లాగాడు.

శారదాదేవి చేయి బయటపెట్టి ఊపింది. ‘ఆపుండ్రి’ అని. పరమేశ్వర్‌కు అక్క పోతూ పోతూ సెలవు చెబుతున్నట్టు కనబడింది. బావ చేయి హారను మీద ఉండిపోయింది. అది మోగుతూనే ఉంది.

“సూసిండ్రా?” పరమేశ్వర్ గొంతు పగిలింది. “నా గడప ముంగటికెల్లి, నిలబడకుండ, హారను కొట్టుకుంట పోతున్నడు! అక్కా!”

అరుగు దిగాడో దూకాడో అతనికే తెలియదు. ధోవతి ఎత్తిపట్టుకుని మోటారు వెంట పరుగెత్తాడు. జనం అతని వెంట పరుగెత్తారు.

దిగుడు అయిపోయి ఎదుటి ఎత్తు వచ్చింది. మోటారు ఎక్కి, ఎక్కి, వేగం తగ్గి, చివరికి ఆగింది. నిజంగా ఆగింది. ఒక తమలపాకు నమిలేంత సేపు కదలకుండా నిలబడింది.

“దిగుదాం! దిగుండ్రి!” అంది శారదాదేవి, తలుపు తీస్తూ.

లక్ష్మీనర్సయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెనక బామ్మర్ది పరుగెత్తుకొస్తున్నాడు. ఇంకా దూరం ఉన్నాడు.

“కాలు కింద పెట్టొద్దు! ఆడు వచ్చిందాక ఆగు. ఇంత చేసి ఇప్పుడు మనమే దిగుడా?”

వాళ్లు ఆగారు. మోటారు ఆగలేదు. వెనక్కి కదిలింది.

ఎదురు వస్తున్న పరమేశ్వర్ వెనక్కి వస్తున్న మోటారును చూశాడు. ఒక్క క్షణం నిలబడి, తిరిగి, వచ్చినదానికన్నా వేగంగా ఇంటివైపు పరుగెత్తాడు. జనం చేలలోకి దూకారు. పరమేశ్వర్‌కు మాత్రం ఆపదలో గుర్తొచ్చింది అరుగొక్కటే. ఎగిరి దాని మీదికెక్కాడు. బాలమల్లు ఎడమకు తిప్పవలసిన చక్రం కుడికి తిప్పాడో, కుడిది ఎడమకు తిప్పాడో, మోటారు వెనకభాగం పోయి అరుగును గుద్దింది. తాతలనాటి బండలు. మధ్యలో మట్టి. పెద్దగా చప్పుడైంది. అరుగు కూలి, పరమేశ్వర్‌తో సహా కిందికి వచ్చింది.

మోటారు అక్కడ ఆగింది.

దుమ్ము అణగకముందే శారదాదేవి అవతలి తలుపు తీసుకుని దిగింది. పళ్లెం ఆమె చేతిలోనే ఉంది. బండల మీంచి, తమ్ముడి కాళ్ల మీంచి దాటి ఇంట్లోకి పోయింది. ఆమెకెవరూ ఎదురు రాలేదు. ఆమె చూడనూ లేదు.

గుద్దిన ఊపుకు లక్ష్మీనర్సయ్య చెప్పు ఒకటి ఎగిరి బండల మధ్య పడి ఉంది. పరమేశ్వర్ తలమీది మట్టి దులుపుకుంటూ లేచి, ఆ చెప్పు తీసి, మోటారు తలుపు తెరిచి, బావ కాలి దగ్గర పెట్టాడు.

“ఏసుకో బావా. రాళ్లున్నయ్. దెబ్బ తాకిందా?”

“లేదు. నీకో?”

“మోచెయ్యి గీసుకపోయింది.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కళ్లు తడయ్యాయి. ఇంతలో లక్ష్మీనర్సయ్యకు మాట గుర్తొచ్చింది.

“దిగినవ్ గద బామ్మర్దీ! ఎదురొచ్చి, తలుపు తీసి, చెప్పందిచ్చినవ్.”

పరమేశ్వర్ తలుపు మీది చెయ్యి తీసేసుకున్నాడు. “నేనేడ దిగిన? అరుగు దిగింది.”

“ఎత్తు దాక ఉరికినవ్ గద! ఊరంత చూసింది.”

“ఉరికిన. నీ ఎన్క ఉరికిన. ఎన్క ఉరుకుడు ఎదురొచ్చుడు ఎట్లయితది?”

“మోటారు ఎన్కకు వచ్చినప్పుడు నువ్వు నాకు ఎదురుంగనే ఉన్నవ్.”

“అప్పుడు నా వీపు నీ దిక్కున్నది. వీపు ఎదురొచ్చుడా? అడుగు, పెద్దమనుషులున్నరు, అడుగు!”

చేలలోంచి పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చారు. బండల మీద కూర్చుని పంచాయతీ మొదలుపెట్టారు. లోపల, పొద్దు నెత్తిమీదికి రాకముందే, శారదాదేవి పిల్లవాణ్ణి ఎత్తుకుంది. వాడు ఆమె మెడలో గొలుసు పట్టుకుని వదల్లేదు. మరదలు కృష్ణవేణి, “జర ఆగుదామా వదినా, ఆల్లొస్తరేమో” అంది. “ఆల్లు రారు” అని శారదాదేవి తొట్టెలలో వేసి, వంగి, చెవిలో కాశీనాథ్ అని చెప్పింది. చెప్పి చాలాసేపు వంగే ఉంది.

సాయంత్రం దాకా తీర్పు తేలలేదు. మోటారు బండల్లో ఇరుక్కుపోయింది. దాన్ని లాగడానికి రేపు ఎడ్లు కావాలి. లక్ష్మీనర్సయ్య దానిలోంచి ఇంకా దిగలేదు. అన్నం అక్కడికే తెప్పించుకున్నాడు. పప్పు బాగుందని మళ్లీ అడిగాడు. వచ్చినవాళ్లకు తన పట్టీ సంగతి చెబుతున్నాడు. “ఇంకొకటైతే అరుగు దాటి ఇంట్లకే పోతుండె. ఇత్తడి ఉన్నది గనుక గడప కాడ ఆగింది.”

శారదాదేవి తమ్ముడి కచ్చడంలో చేవెళ్ల బయలుదేరింది. బాలమల్లు తోలుతున్నాడు. బండి కదలగానే ఇరుసు కిర్రుమని ఏడ్చింది. బాలమల్లు దిగి, బండి చూరుకు వేలాడుతున్న ఆముదం ముంత అందుకున్నాడు.

“పొయ్యకు” అంది శారదాదేవి.

“ఏడుస్తున్నది గదమ్మా.”

“ఏడ్వనియ్యి. ఆగుతది గద.”

ముంత అతని చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. చేవెళ్ల వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు.